అద్దె సామాను వ్యాపారం - మన గ్రాట్యుటీ



"మావాడు టెంట్ హౌస్ పెడతానంటున్నాడు, గ్రాట్యుటీ డబ్బు ఇవ్వవచ్చునా?" అని మనవాళ్ళు కొందరు అడుగుతున్నారు. సర్వీసంతా స్టాకు రిజిస్టర్లు రాసిన గుమాస్తాగా నాకు తోచింది మనవి చేస్తాను.

గోదావరిఖనిలో ఈ వ్యాపారానికి చోటుంది. సింగరేణి క్వార్టర్లు ఇరుకు. పెళ్ళయినా, పెద్దకర్మయినా గల్లీలో షామియానా వేయవలసిందే. రిటైరైన కార్మికుడు ఇల్లు కట్టుకుంటే సెంట్రింగు రేకులు, కాంక్రీటు మిల్లరు కావాలి.

కానీ లెక్క చూడండి. కుర్చీ 500 రూపాయలు, అద్దె 10 రూపాయలు అనుకుందాం. 50 సార్లు తిరిగితేగాని అసలు రాదు. ఈలోగా కాలు విరిగితే పోయినట్టే. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళుండవు. వానల్లో స్లాబు పనులు తగ్గుతాయి. షాపు కిరాయి, కూలీల జీతాలు మాత్రం ఆగవు. ఆ నెలల ఖర్చు ముందే పక్కన పెట్టాలి.

సామాను పంపేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు లెక్కపెట్టి సంతకం తీసుకోవాలి. బావగారింటికి పంపినా సరే. గరిటెలు, గిన్నెల దగ్గరే చుట్టరికాలు చెడతాయి.

2020 జూలై నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దళారికి డబ్బివ్వకండి. 2015లో వచ్చిన ముద్రా పథకం కింద తాకట్టు లేకుండా బ్యాంకు అప్పుకు దరఖాస్తు చేయవచ్చు. ఆ అప్పు కొడుకు పేరనే ఉండనివ్వండి.

గ్రాట్యుటీలో కొంత ఇవ్వండి, మొత్తం వద్దు. రేపు మన మందుల చీటీకి ఎవరి ముందూ చేయి చాచరాదు. రిజిస్టరు రాసిపెట్టే పని మనది. అది ఉచితంగానే చేద్దాం.

సెలవు.