రిజిస్టరులో కొట్టేసిన పేరు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నేను పాఠాలు చెప్పేది ఉర్దూలో. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి. కార్యదర్శిగారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. నేను చిన్న వయసులోనే తల్లులవుతున్న మన ఆడపిల్లల గురించి మాట్లాడతాను. రెండూ ఒకటే విషయమని నా అనుభవం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. దేశం మొత్తం మీద ఆ లెక్క 6.8. ఇది మనవాళ్ల లెక్క మాత్రమే కాదు, అన్ని మతాలవాళ్లదీ. అలాగని మనం చేతులు దులుపుకోడానికి వీల్లేదు. అదే సర్వేలో, దేశం మొత్తం మీద బడి ముఖం చూడని పిల్లల్లో ఈ సంఖ్య 18. పన్నెండేళ్లూ ఆపైనా చదివినవాళ్లలో 4.

మా బడిలో ఎనిమిదో తరగతి వరకే ఉంది. ఉర్దూ హైస్కూలు ఊరికి ఆ చివర. తొమ్మిది, పదేళ్ల కిందట ఒక పిల్ల ఎనిమిది పాసయ్యింది. లెక్కల్లో మొదటిది. ఆటో ఖర్చు భరించలేక తండ్రి ఇంట్లో కూర్చోబెట్టాడు. ఇంట్లో కూర్చున్న పిల్లకు సంబంధాలు రావడానికి ఎంతసేపు? పదహారేళ్లు నిండీ నిండకముందే కువైట్ అబ్బాయి దొరికాడు. "సెలవు రెండు నెలలే మాస్టర్ సాబ్, మళ్లీ ఎప్పుడొస్తాడో" అన్నాడు తండ్రి. పుట్టిన తేదీ ఉన్న రిజిస్టరు నా బీరువాలోనే ఉంది. అయినా నిఖాకు వెళ్లాను, బిర్యానీ తిన్నాను, దువా చేసి వచ్చాను. పిల్ల బాధ్యత ఉన్నవాళ్లు అలాంటి పెళ్లిని ఆపకుండా ఊరుకున్నా నేరమేనని 2006 చట్టంలో ఉంది. అది నేను తర్వాత చదివాను. చదవకపోయినా నాకు తెలియదా?

ఎనిమిదో నెలలో ఆ పిల్లకు బి.పి. పెరిగి ఫిట్స్ వచ్చాయి. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఇరవై దాటినవాళ్ల కంటే ఈ వయసు తల్లులకు ఈ జబ్బు, కాన్పు తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లు ఎక్కువ. నెలలు నిండకుండా, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టే బిడ్డలూ ఎక్కువ. అసలు 15-19 ఏళ్ల పిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత. తన ఒంట్లోనే లేని రక్తం బిడ్డకు ఎక్కడినుంచి తెచ్చిస్తుంది? కొంతమందికి కటి ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగవు. కాన్పు కష్టమవుతుంది. ఇవన్నీ అత్తగార్లకు తెలియక కాదు. "మేమూ అలాగే కన్నాం" అంటారు. కన్నవాళ్లలో బతికినవాళ్లే కదా ఆ మాట చెప్పగలిగేది!

సంఘంవారిని నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఈ సంవత్సరం మా బడి నుంచి పదకొండు మంది అమ్మాయిలు ఎనిమిది దాటారు. వాళ్లందరికీ ఒక ఆటో మాట్లాడండి. పెళ్లి ఖర్చుకు చందా అడిగితే కాదనని పెద్దలు ఈ హాల్లో చాలామంది ఉన్నారు.

ఆ అమ్మాయి మొన్న జూన్‌లో మా బడికొచ్చింది, రెండో కాన్పులో పుట్టిన కొడుకును ఒకటో తరగతిలో చేర్చడానికి. ఫారం మీద ముత్యాల్లాంటి ఉర్దూలో సంతకం చేసింది. తర్వాత మెల్లగా, "మాస్టర్ సాబ్, నా టి.సి. ఎవరూ తీసుకుపోలేదు కదా, ఉందా?" అంది. ఉంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కడుతుందట. భర్తకు ఫోన్లో చెప్పి ఒప్పించింది. ఫీజు డబ్బులు మాత్రం ఇంకా కొంత తక్కువ ఉన్నాయి.