బుస్సీ దొర



మనలో పలువురము ఆఫీసుకు పోవుచు వచ్చుచు ఈ పుదుచ్చేరిలో లాల్ బహదూర్ శాస్త్రి వీథిని దాటుచుందుము. దానికి పాతపేరు బుస్సీ వీథి. బొబ్బిలి కథ విని పెరిగిన తెలుగువారికి ఆ పేరు చెవిని బడగానే మనసు కలుక్కుమనును. ఆ బుస్సీయే ఈ బుస్సీ.

డూప్లే కాలమున పైకి వచ్చిన ఈ ఫ్రెంచి సేనాని 1750లో దుర్గమమగు సెంజికోటను పట్టుటలో పేరుపొందెను. మరుసటి యేట ముజఫర్ జంగును హైదరాబాదు గద్దె నెక్కింప తోడ్కొనిపోవుచుండగా, కడప సీమలో ఆ నవాబు హతుడయ్యెను. బుస్సీ తొట్రుపడలేదు. నిర్బంధములోనున్న సలాబత్ జంగును నవాబుగా నిలిపెను. ఆ పలుకుబడితో 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను సైన్యవ్యయమునకై సంపాదించెను.

ఇక బొబ్బిలి. విజయనగర ప్రభువు విజయరామరాజు ఫ్రెంచివారికి పన్ను కట్టువాడు; బొబ్బిలిపై పాతపగ గలవాడు. అతని మాట విని బుస్సీ, బొబ్బిలి విడిచినచో వేరు సీమ నిత్తునని రంగారావుకు కబురంపెను. తాతల కోటను విడుచుటకు రంగారావు సమ్మతింపలేదు. 1757 జనవరి 24న ఫిరంగులు మ్రోగినవి. వెలమవీరులు ఆలుబిడ్డలను తామే కడతేర్చి, పోరాడి మడిసిరి. పిమ్మట తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజును చంపిన సంగతి మీకు నేను చెప్పవలెనా!

ఒక వృద్ధుడు రంగారావు పసికుమారుని కాపాడి తెచ్చెననియు, తండ్రికి ఈయజూపిన సీమను బుస్సీ ఆ బాలునికిచ్చెననియు ఆనాటి ఆంగ్ల చరిత్రకారుడు ఆర్మ్ వ్రాసెను. అది దయయో, లెక్క సరిచూచుకొనుటయో మీరే యోచింపుడు. ఒకవైపు మాటయే విని ఫిరంగులు నడిపిన దోషము బుస్సీదే యని నా తలంపు. అయితే ఆ ఫిరంగులను పిలుచుకొనివచ్చినవాడు తెలుగువాడే. ఈ రెండవమాట మన కథలు చెప్పువారికిని కొంత కష్టముగనే యుండును.

1758లో లాలీ యాతనిని దక్షిణమునకు రప్పించెను. ఆయన వచ్చిన కొలది నెలలకే సర్కారులు ఫ్రెంచివారికి దక్కకుండ పోవుట మొదలయ్యెను. 1760లో వందవాసి యుద్ధమున బుస్సీ ఇంగ్లీషువారికి చిక్కెను. ఫ్రాన్సు చేరి, ఇరువది యేండ్లకు పైబడిన పిదప, ముసలితనమున, రోగముతో మరల సేనానాయకుడై 1783లో వచ్చి కడలూరున పోరాడెను. అంతలో సంధి వార్త వచ్చెను. 1785 జనవరిలో ఈ పుదుచ్చేరిలోనే కన్నుమూసెను. ఆనాటికి ఆయన సంపాదించిన నాలుగు సర్కారులును ఇంగ్లీషు కంపెనీ చేతిలో నుండినవి.