నూనె శుద్ధిలో వాడు మట్టి: గ్రామమునకు వలసిన జాగ్రత్త

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



అంగడిలో కొను తవుడు నూనె లేత పసుపుగా నుండును. కాని తవుడునుండి తీసిన ముడి నూనె నల్లబారి, చిక్కగా నుండును. దానిని తేటపరచుటలో మట్టికి పెద్ద పాలు గలదు.

ఆమ్లముతో పదును చేసిన బెంటొనైటు మట్టిని బ్లీచింగు మట్టి యందురు. నూరు కిలోల నూనెకు ఒకటి రెండు కిలోల చొప్పున దీనిని కలిపి, గాలి చొరనీయక, సుమారు 100 డిగ్రీల వేడిలో అరగంట త్రిప్పుదురు. తడిగోడకు దుమ్ము అంటినట్లు, రంగు పదార్థములును, సబ్బు, లోహముల జాడలును మట్టిరేణువులకు అంటుకొనును. దీనికే అధిశోషణమని పేరు. పిమ్మట నూనెను వడకట్టుదురు.

ఇక మిగిలిన మట్టి మాట. దాని బరువులో అయిదవ వంతునకు తక్కువ కాకుండ నూనె నిలిచియుండవచ్చును. ఆ నూనెకు గాలి తగిలి వేడి పుట్టును. కుప్పలోని వేడి వెలుపలికి పోజాలక, అగ్గిపుల్ల గీయకయే నిప్పు రగులుకొనవచ్చును. వాన కురిసినచో నూనె చెరువులో చేరును.

కావున మీ గ్రామ సమీపమున నూనె శుద్ధి కర్మాగారమున్నచో, ఈ మట్టి ఎచటికి పోవుచున్నదో విచారింపుడు. పల్లము పూడ్చుటకు ఉచితముగా నిచ్చెదమన్నను అంగీకరింపకుడు. గడ్డివాముల చెంత, చెరువుగట్టున దింపనీయకుడు. మూతగల తొట్లలో నుంచి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతించిన చోటికే పంపవలెనని కోరుడు. ఇది కర్మాగారముపై పగ కాదు. ఊరి క్షేమము కొరకు మనము చేయవలసిన పని.