వ్యూస్ పెరిగితే సేవ పెరిగినట్టేనా?

మీలో ఎంతమంది సంఘంలో మీడియా టీమ్‌లో ఉన్నారు? ఆదివారం ఆరాధన అయిపోగానే మొదట చూసేది ఏంటి? లైవ్‌కి ఎన్ని వ్యూస్, ఎంతమంది సబ్‌స్క్రైబ్ చేశారు... అంతే కదా.

డాష్‌బోర్డ్ అంటే నాకేం కోపం లేదు, సాఫ్ట్‌వేర్ వాణ్ణే. కానీ ఎన్ని టికెట్లు క్లోజ్ చేశారన్నదాన్ని బట్టి రేటింగ్ ఇస్తే ఏమవుతుందో తెలుసా? టికెట్లు క్లోజ్ అవుతాయి. బగ్స్ మాత్రం అలాగే ఉంటాయి.

ఇప్పుడు మన దగ్గరే జరిగిన కథ చెప్తా. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ 1836లో తెలుగువాళ్ల మధ్యకి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీ మీటింగ్‌లో ఈ మిషన్ మూసేద్దామా అని చర్చ జరిగింది. 1862లో మళ్లీ అదే చర్చ. లైమన్ జ్యూవెట్ గారు మాత్రం నేను తిరిగి వెళ్లాల్సిందేనని పట్టుబట్టారు. మూయలేదు.

తర్వాత జాన్ క్లౌ గారు వచ్చారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది, ఎనిమిది మందితో.

1876-78లో పెద్ద కరువు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి పని ఇచ్చారు. బాప్తిస్మం కావాలని జనం వస్తూనే ఉన్నారు. ఆయన ఇవ్వలేదు! దాదాపు పదిహేను నెలలు. కూడు కోసం వస్తున్నారా, నమ్మి వస్తున్నారా అన్నది కరువు సాయం ఆగాకే తెలుస్తుందని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

అందరూ ఆ 2,222 గురించే చెప్తారు. నాకు మాత్రం ఆ పదిహేను నెలల సున్నా గొప్పగా అనిపిస్తుంది. చేతికందే నంబర్‌ని వద్దనుకోవడం ఈజీ కాదు బాస్.

"చివరికి పెద్ద నంబరే వచ్చింది కదా బ్రో" అంటారేమో. డే గారు 1871లోనే చనిపోయారు. ఆ రోజు ఆయన చూడలేదు. మరి ఆయన సేవ ఫెయిలా?

ఇది ఎందుకు చెప్తున్నానంటే, పల్లెల్లో ముప్పై నలభై మందితో సంఘం నడిపే యంగ్ పాస్టర్లు పక్క ఊరి ఛానెల్ వ్యూస్ చూసి కుంగిపోతున్నారు. కొందరు సేవే మానేద్దామనుకుంటున్నారు. రాత్రి పన్నెండింటికి ఆస్పత్రిలో ఎవరి పక్కన కూర్చున్నారో ఏ యాప్ లెక్కపెడుతుంది?

లెక్కలు మానేయమనట్లేదు. అపొస్తలుల కార్యాల్లోనూ మూడువేల మంది అని రాసి ఉంది. కానీ ఈ నంబర్ ఎందుకు పెరిగిందో కూడా అడగండి. క్రిస్మస్‌కి బిర్యానీ పెట్టిన రోజు హాజరు పెరిగితే, అది బిర్యానీ లెక్క. మీ రిపోర్ట్ షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టండి: ఈ నెల రావడం మానేసింది ఎవరు, వాళ్లింటికి వెళ్లింది ఎవరు.

వచ్చే ఎపిసోడ్‌లో ఎర్రగుంట్ల పేరయ్య గారి గురించి మాట్లాడుకుందాం. 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ సోదరుడు. క్లౌ గారి కథలో అసలు హీరో ఆయనేనని నా అభిప్రాయం.