మండపం దాకా వచ్చిన పెళ్లి

శంషాబాద్ చుట్టుపక్కల పెళ్లికి చోటు కరువు లేదు. నర్కూడ దగ్గరి అమ్మపల్లి రామాలయంలో సినిమా పెళ్లిళ్లూ అవుతాయి, అసలు పెళ్లిళ్లూ అవుతాయి. 2008లో విమానాశ్రయం వచ్చాక ఫంక్షన్ హాళ్లకూ కొదవ లేకుండా పోయింది. హాలు దొరకడం డబ్బు సంగతి. అందులో జరిగింది పెళ్లేనా అన్నది మాత్రం చట్టం సంగతి.

2021 డిసెంబరులో హైదరాబాద్ శివారు రిసార్టులో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు పురుషులు ఒకటయ్యారు. ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ. రెండు వైపుల ఆచారాలూ జరిగాయి. లేనిదల్లా సర్టిఫికెట్. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అది ఇప్పించమని మరుసటి ఏడు సుప్రీంకోర్టుకు వెళ్లారు.

2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ ఒక్కమాటగా చెప్పారు. పెళ్లనకపోయినా ఆ బంధాన్ని చట్టం గుర్తించాలా అన్నచోట ఇద్దరు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. కాదన్నవారిలో తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన హిమా కోహ్లీ, మన తెలుగువారు పి.ఎస్. నరసింహ ఉన్నారు. రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు.

ఈ వివాదం వచ్చినప్పుడల్లా అమెరికా లవింగ్ కేసు గుర్తుచేస్తారు. తెల్లవారికీ నల్లవారికీ మధ్య పెళ్లిని నేరం చేసిన వర్జీనియా చట్టాన్ని 1967లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ కేసు గెలిచిన మిల్డ్రెడ్ లవింగ్ 2007లో స్వలింగ జంటలకూ ఆ హక్కు ఉండాలన్నారు. నల్లజాతి పాస్టర్లు కొందరికి ఈ పోలికే నచ్చలేదు. మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెట్టా మాత్రం స్వలింగ జంటల వైపే నిలిచారు. ఈ పోలిక సరైనదేనా అన్నది అక్కడివాళ్లకే తెగని తగవు.

మనకు దగ్గర పోలిక కులాంతర వివాహం. అదీ సగం దూరమే నడుస్తుంది. కులం పేరుతో అవమానం ఎదురైన పిల్లవాడికి ఇంటికొస్తే అదే అవమానం పడ్డ అమ్మానాన్నలుంటారు. స్వలింగ జంటలకు చాలాసార్లు మొదటి తగవు ఇంట్లోనే. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకొచ్చింది అలాంటి కేసే: కూతుర్ని తండ్రి తన దగ్గరే నిర్బంధించాడని ఆమె సహచరి హెబియస్ కార్పస్ వేసింది. మేజరైన అమ్మాయి ఎవరితో ఉండాలో ఆమే తేల్చుకుంటుందని కోర్టు పంపించింది. కలిసి ఉండొచ్చు, పెళ్లి మాత్రం కాదు. ఈ వింత స్థితిలో ఇంకెన్నాళ్లు?

చట్టం ముందా, జనం ముందా అంటే రెండు దారులున్నాయి. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించేనాటికి దాన్ని అనుమతించే చట్టానికి పాతికేళ్లు. చట్టం ముందొచ్చింది, జనం తర్వాత కదిలారు. తమిళనాట ఈ వరస తిరగబడింది. పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలు ముందు జరిగాయి. అవి చెల్లవని 1950లలో మద్రాసు హైకోర్టు అంది. చివరికి 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టాన్ని సవరించింది. అంతకుముందు జరిగినవీ చెల్లుబాటయ్యాయి. సుప్రియో, అభయ్‌ల పెళ్లిది ఈ రెండో దారి.

కేంద్రం 2024లో ఇలాంటి జంటలకు జాయింటు ఖాతా, నామినీ, రేషన్ కార్డు వంటి కొన్నిటికి అడ్డు లేదని స్పష్టం చేసింది. మంచిదే కానీ, వారసత్వం మాటేమిటి?

వివాహం ఉమ్మడి జాబితాలోని అంశం. రాష్ట్రపతి ఆమోదంతో తమిళనాడు చేసిన సవరణ లాంటిది చేసే అధికారం తెలంగాణ శాసనసభకూ ఉంది. కనీసం చర్చకైనా పెట్టమని మన శాసనసభ్యులను మనం అడగాలి.