మన మొహల్లాకు, దవాఖానాకు మధ్య దూరం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పంతులును. వైద్యం గురించి మాట్లాడమని సెక్రటరీగారు అన్నప్పుడు, "జనాబ్, ఇది డాక్టరు సాబ్ చెప్పవలసిన ముచ్చట గదా" అన్నాను. "వాళ్లు రోగం సంగతి చెబుతారు, మీరు మన ఇండ్ల సంగతి చెప్పండి" అన్నారు. కనుక మా ఇంటి సంగతితోనే మొదలుపెడతాను.

మా ఖాలాజాన్‌కు బీపీ ఉన్నదని ఒక సర్కారు దవాఖానాలో చూసి చెప్పినారు. నెలకు సరిపడా గోలీలు ఉచితంగానే ఇచ్చినారు. నెల తిరిగేసరికి గోలీలు అయిపోయినయి, తల తిరగడమూ తగ్గింది. జ్వరం గోలీల మాదిరిగా ఇవి కూడా తగ్గేవరకేనని ఆమె అనుకున్నది. "మళ్లీ రావాలమ్మా" అని వాళ్లు చెప్పే ఉంటారు. తెలుగులో, పెద్ద లైను ముందు, ఒక్క ముక్కలో. ఆమెకు వచ్చిన తెలుగు కూరగాయల బేరానికి సరిపోయేంత. చిట్టీ చూస్తే ఇంగ్లీషులో ఉన్నది. ఏడు నెలలకు ఒకనాటి తెల్లవారుజామున కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి.

రెండిండ్ల అవతల ఉండేవాణ్ణి నేను. పిల్లలకు చదవడం నేర్పి జీతం తీసుకునేవాణ్ణి. ఆ చిట్టీ ఒక్కసారి అడిగి చూసినవాణ్ణి కాను. దవాఖానా వాళ్లను అనేముందు నన్ను నేను అనుకోవాలి.

డబ్బు లేదన్న కారణాన ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. 1978లో అప్పటి సోవియట్ దేశంలోని ఆల్మా-ఆటా నగరంలో ప్రపంచ దేశాలెన్నో కూర్చొని, వైద్యం జనం బతికే చోటికి, పనిచేసే చోటికి దగ్గరగా రావాలని ప్రకటించినవి. మన దేశపు లెక్క ప్రకారం మైదాన ప్రాంతాల్లో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000 మందికి ఒక సబ్ సెంటర్ ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాలకు 20,000, 3,000 అని తగ్గించినారు. అయినా అమ్రాబాద్ అడవుల్లోని చెంచు పెంటల నుండి నడిచి వచ్చేవారి కష్టం ముందు మన కష్టం చిన్నదేనని మరువరాదు.

మన వైపు మార్పు రాలేదని నేను అనను. 2016లో జిల్లాలు ఏర్పడక ముందు అన్నిటికీ మహబూబ్‌నగర్ చూసేవాళ్లం. గద్వాల వాళ్లయితే కర్నూలుకో రాయచూరుకో పరుగెత్తేవారు. 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూలుకు మెడికల్ కాలేజీలు వచ్చినవి, 2024లో గద్వాలకూ వచ్చింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేసినారు. సంతోషమే. కానీ ఖాలాజాన్‌కు కావలసింది 10 లక్షలు కాదు. నెలనెలా ముప్పై గోలీలు, "ఎందుకు రాలేదు?" అని అడిగే ఒక మనిషి.

2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష చేసినారు. బోర్డుల మీద ఉర్దూ కనబడుతున్నది గాని, గోలీలిచ్చే కిటికీ దగ్గర చాలాచోట్ల వినబడదు. మా బడిలో పిల్లలు అప్పుడప్పుడు నాగా పెడతారు. అడిగితే "అమ్మీకి మాట చెప్పడానికి దవాఖానాకు పోయిన సార్" అంటారు. పదేండ్ల పిల్లవాడి ముందు తల్లి తన ఆడరోగం ఎట్లా చెబుతుంది? చెప్పదు. తలనొప్పి అని చెప్పి గోలీ తెచ్చుకుంటుంది. ఇంకొక చిక్కు, దవాఖానా నడిచే వేళే కూలి వేళ. హోటల్లో పనిచేసేవాడు, మేస్త్రీ కింద పనిచేసేవాడు రోజు కూలి వదులుకొని లైన్లో నిలబడాలి. గోలీలు ఉచితమే, ఆ రోజు మాత్రం ఉచితం కాదు.

మా మొహల్లాకు వచ్చే ఆశా కార్యకర్త తెలుగు ఆమె. మన ఇండ్లల్లో తిరిగి తిరిగి "రోజ్ ఖానా, బంద్ నై కర్నా" అనడం నేర్చుకున్నది. ఆ రెండు మాటలు చేసిన పని ఏ పోస్టరూ చేయలేదు. వాళ్ల చేతిలో ఎన్ని రిజిస్టర్లున్నాయో చూస్తే, ఇంతమాత్రం చేయడమే గొప్ప అనిపిస్తుంది.

రంజాన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. షుగరు ఉన్నవారు ఎవరినీ అడగకుండా గోలీలు, సూదిమందు మానేస్తారు, లేదా పగటి మోతాదు కూడా ఇఫ్తార్‌లో కలిపి వేసుకుంటారు. రెండూ ప్రమాదమే. కొందరికి మందుల వేళలు మారిస్తే సరిపోతుంది, కొందరు రోజా ఉండనే కూడదు. రోగికి మన దీన్ మినహాయింపు ఇచ్చింది. రంజాన్‌కు నెల ముందే డాక్టరును అడగండి.

నేను కమిటీని కోరేది పెద్ద ఖర్చు కాదు. ఒక్కొక్క మొహల్లాలో బీపీ, షుగరు ఉన్నవారి పేర్లు, వారికి ఇష్టమైతేనే, ఒక నోటుబుక్కులో రాద్దాం. గోలీలిచ్చే రోజు ఏదో జుమా తర్వాత ప్రకటిద్దాం. ఇంటరు చదివే ఆడపిల్లలు ఇద్దరు ఆ రోజు దవాఖానాలో కూర్చుంటే ఆడవాళ్లకు మాట తోడవుతుంది. సూపరింటెండెంటును అనుమతి అడగడం నా పూచీ. మా పదో తరగతి అమ్మాయి ఒకతె, చదువురాని దాదీ కోసం గోలీల కవరు మీద పొద్దుటికి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసి పెట్టింది. ఆ ముసలామె ఒక్క పూట తప్పలేదు.

సభ ముగిసినాక గేటు పక్క బల్ల దగ్గర నేను ఉంటాను. ఇంట్లో అర్థం కాని చిట్టీలు ఉంటే తెచ్చి చూపించండి. నాకూ అర్థం కానివి డాక్టరు సాబ్‌ను అడిగి చెబుతాను.