మన పాటకు ఒక రేడియో నిలుస్తదా?



ధూంధాం అంటే తెల్లవార్లూ కూర్చొని విన్న జనం మనది. అదే పాటను రేడియోలో పెడితే రోజూ వింటరా? సినిమా పాట లేకుండా ఒక స్టేషన్ నడుస్తదా? మనవాళ్లే మనల్ని అడుగుతున్న ప్రశ్న ఇది.

ముందు హైదరాబాద్ సంగతి. ఈ నగరానికి రేడియో కొత్త కాదు. నిజాం కాలపు దక్కన్ రేడియోను 1950లో ఆకాశవాణి తీసుకున్నది. 2006లో ప్రైవేటు ఎఫ్.ఎం.లు వచ్చినయి. పొద్దున లేచింది మొదలు సినిమా పాటే. తప్పు పాటది కాదు, లెక్కది. లైసెన్సుకు వేలంలో కోట్లు పోసినవాడు ప్రకటనల మీదనే రాబట్టుకోవాలె. ప్రకటన ఇచ్చేవాడు పదిమంది వినే పాటనే అడుగుతడు. ఆ లెక్కలో ఒగ్గుకథకు, శారదకథకు చోటేది? సినిమాల్లో మన యాస రౌడీకి, హాస్యగానికి దక్కినట్టు, మన పాటకు బతుకమ్మ తొమ్మిది రోజులు దక్కుతయి.

లెక్కే మారిస్తే ఏమైతది? జహీరాబాద్ దగ్గరి మాచునూర్‌ను చూడాలె. అక్కడి సంఘం రేడియోను డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలలోని దళిత స్త్రీలు నడిపిండ్రు. లైసెన్సు లేని రోజుల్లో, 1990ల చివరి నుంచి, వాళ్లు క్యాసెట్లు నింపి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నరు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. (ఆ ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి కూడా ఉన్నరు.) అయినా స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచే విధానం 2006లో గాని రాలేదు. 2008 అక్టోబర్ 15న మాచునూర్ గొంతు గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది ఆ తీర్పు చెప్పిన జస్టిస్ పి.బి.సావంతే.

పొద్దుగూకినంక, పనులు తీరినంక వినే రేడియో అది. నాటు పాట, కలుపు పాట, పండుగ పాట, వాటి నడుమ విత్తనాల ముచ్చట, జొన్న వంటల ముచ్చట, నాటువైద్యం. అన్నీ ఆ ఊళ్ల మాటలోనే. పాట బాగున్నదని మాత్రమే వినలేదు జనం. పాడింది పక్కింటి అవ్వ కాబట్టి విన్నరు. రేపు మన ఊరి వంతు వస్తదని విన్నరు.

మరి హైదరాబాద్‌లో ఇరవై నాలుగు గంటల జానపద ఎఫ్.ఎం. పెడదామా? నిలవదు. చెప్పడానికి కష్టంగనే ఉన్నది, కానీ నిలవదు. వేలం సొమ్ము దాన్ని మింగుతది. కమ్యూనిటీ రేడియోకు ఇచ్చేది వంద వాట్ల శక్తి, ముప్పై మీటర్ల స్తంభం. అది చుట్టుపక్కల ఊళ్లకే చాలుతది. 2006 విధానంలో ప్రకటనలకు గంటకు అయిదు నిమిషాలే ఇచ్చిండ్రు. తర్వాత పెంచినా, పల్లెలో ప్రకటన ఇచ్చే దుకాణాలెన్ని? జీతాలు ఎట్ల వస్తయి? ఫోనులో కోరిన పాట దొరికే పిల్లగాడు రాత్రి దాకా ఎందుకు ఆగుతడు? వీటికి జవాబు లేకుండా స్టేషన్ పెడితే ఆర్నెల్లలో తాళం పడుతది.

కాబట్టి నగరానికొక పెద్ద స్టేషన్ కాదు, ఇరవై ముప్పై ఊళ్లకు ఒక చిన్న స్టేషన్ అడుగుదాం. రోజుకు రెండు గంటలు చాలు. యూనివర్సిటీలు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చు. విద్యార్థులు ఆ పని పట్టాలె. ఉద్యోగ మిత్రులు దసరాకు ఊరికి పోయినప్పుడు ఫోనులోనే రికార్డు చేయండి. పాడినామె పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడే పాటనో రాసి పెట్టండి. ఉత్త జానపదం అని రాసి వదిలితే, రేపు ఆ పాట సినిమాలో తేలినప్పుడు ఆమెది అని చూపేందుకు మన దగ్గర కాయితం ముక్క ఉండదు.